పేర్ల పట్టిక, ప్రారంభ క్రమం: లినక్స్ వ్యవస్థల్లో డైరెక్టరీ సేవా వైఫల్యాలు – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
వాడుకరుల పేర్లను కేంద్ర సర్వర్‌లో భద్రపరచి, నెట్‌వర్క్ ద్వారా అన్ని కంప్యూటర్లకు అందించే ఏర్పాటు డైరెక్టరీ సేవ. లినక్స్ కంప్యూటర్ ప్రారంభమయ్యే వేళ ఈ సేవ అందక యంత్రం నిలిచిపోవడం చిరకాల సమస్య. సర్వర్ చెడిపోవడం కంటే ప్రారంభ క్రమంలోని పరస్పరాధారమే దీనికి ప్రధాన మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: డైరెక్టరీ సేవ, ఎల్‌డాప్, లినక్స్, సిస్టమ్‌డి, సింగరేణి, మస్టర్.

1. ఉపోద్ఘాతం:
1889లో ఇల్లందు ప్రాంతంలో మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకం 1989 నాటికి నూరేళ్లు పూర్తిచేసుకుంది. ఆ శతాబ్దిని గుర్తుచేసే పేరు సెంటినరీ కాలనీది. జేఎన్‌టీయూ మంథని ఇంజనీరింగ్ కళాశాల కూడా నేడు ఇక్కడే ఉంది. గనిలోనూ కంప్యూటర్ ప్రయోగశాలలోనూ ప్రవేశం పేరు నమోదుతోనే మొదలవుతుంది. భూగర్భ గని రిజిస్టరు, ఏ క్షణంలోనైనా లోపల ఉన్న ప్రతి వ్యక్తి పేరును చూపాలని 1952 నాటి గనుల చట్టం 48వ సెక్షన్ నిర్దేశించింది. ప్రమాదవేళ ఎవరిని వెతకాలో చెప్పేది ఆ రిజిస్టరే. అందుకే మస్టర్ నమోదు గని పైననే జరుగుతుంది. ఆ పుస్తకాన్ని గని లోపల ఉంచితే ఏమవుతుందో, డైరెక్టరీ సేవల చరిత్రలో అదే జరిగింది.

2. పట్టిక యంత్రాన్ని దాటిన క్రమం:
తొలినాటి యూనిక్స్‌లో వాడుకరుల పట్టిక ప్రతి యంత్రంలోనూ ఒక ఫైలుగా ఉండేది. యంత్రాలు పెరిగేకొద్దీ అన్ని ప్రతులనూ ఒకేలా ఉంచడం భారమైంది. 1980ల మధ్యలో సన్ మైక్రోసిస్టమ్స్ ‘యెల్లో పేజెస్’ పేరుతో కేంద్ర పట్టికను ప్రవేశపెట్టింది. ఆ పేరు బ్రిటిష్ టెలికాం ట్రేడ్‌మార్క్ కావడంతో అది ఎన్‌ఐఎస్‌గా మారింది. 1988 నాటి ఎక్స్.500 ప్రమాణం బరువైనది కాగా, దానికి తేలిక రూపంగా మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఎల్‌డాప్ 1993లో వెలువడింది. 1998లో మొదలైన ఓపెన్‌ఎల్‌డాప్ దానిని లినక్స్ ప్రయోగశాలలకు చేరువ చేసింది.

3. ప్రారంభవేళ చిక్కు:
పేరు తెలియాలంటే నెట్‌వర్క్ కావాలి. నెట్‌వర్క్‌ను సిద్ధంచేసే సేవలు నడవాలంటే, అవి ఏ వాడుకరి పేరిట నడుస్తాయో ముందే తెలియాలి. ఎన్‌ఎస్‌స్విచ్ ఫైలులో స్థానిక పట్టికను ముందు, ఎల్‌డాప్‌ను తరువాత పేర్కొన్నా చిక్కు పూర్తిగా తీరదు. ఒక వాడుకరి ఏయే సమూహాల్లో ఉన్నాడో తేల్చేటప్పుడు వ్యవస్థ సాధారణంగా మొదటి పట్టికతో ఆగదు. మిగిలిన సమూహాలకోసం ఎల్‌డాప్‌నూ అడుగుతుంది. అప్పటికి నెట్‌వర్క్ లేకపోతే, పాత ఎన్‌ఎస్‌ఎస్-ఎల్‌డాప్ మాడ్యూల్ కఠిన విధానంలో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ యంత్రాన్ని నిలిపివేసేది.

4. పరిష్కారాల పరిణామం:
తొలి పరిష్కారం మినహాయింపు: ఫలానా వ్యవస్థా వాడుకరుల విషయంలో ఎల్‌డాప్‌ను అడగవద్దని ఆదేశించడం. రెండవది విభజన: సర్వర్‌తో సంభాషణను ఎన్‌ఎస్‌ఎల్‌సీడీ వంటి ప్రత్యేక సేవకు అప్పగించడం. మూడవది జ్ఞాపకం: 2009లో వచ్చిన ఎస్‌ఎస్‌ఎస్‌డీ, ఒకసారి తెలిసిన పేర్లను యంత్రంలోనే దాచుకుంటుంది. అయితే ఆ యంత్రంలో ఎన్నడూ ప్రవేశించని కొత్త విద్యార్థికి ఈ జ్ఞాపకం అక్కరకురాదు. నాల్గవది క్రమ ప్రకటన: పాత వ్యవస్థలో సేవలు వరుస సంఖ్యలను బట్టి మొదలయ్యేవి; 2010లో వచ్చిన సిస్టమ్‌డిలో ఒక సేవ దేని తరువాత మొదలుకావాలో స్పష్టంగా ప్రకటించవచ్చు. ఇందులో ‘నెట్‌వర్క్’ లక్ష్యం వేరు, ‘నెట్‌వర్క్-ఆన్‌లైన్’ లక్ష్యం వేరు. మొదటిదాన్ని చేరినంత మాత్రాన చిరునామా లభించినట్లు కాదు. ఈ భేదాన్ని గమనించకపోవడం నేటికీ వైఫల్యాలకు కారణమవుతోంది.

5. లోపాన్వేషణ:
పై చరిత్ర లోపాన్వేషణకూ ఒక వరుసను సూచిస్తుంది. స్థానిక రూట్ ఖాతాతో ప్రవేశించి, మొదట నెట్‌వర్క్ చిరునామాను, తరువాత సర్వర్ పేరు చిరునామాగా మారుతున్నదా అన్న విషయాన్ని, ఆపైన గడియారాన్ని చూడాలి. గడియారం తప్పితే సర్వర్ ధ్రువపత్రం చెల్లనిదిగా కనిపించవచ్చు. చివరగా ‘గెటెంట్’ ఆదేశంతో ఒక పేరును అడిగి చూడాలి. ప్రారంభంలో విఫలమైన సేవ, తరువాత చేత్తో మొదలుపెట్టగానే పనిచేస్తే, దోషం క్రమంలోనిదని అనుమానించాలి.

6. ముగింపు:
నాలుగు పరిష్కారాలూ ఒకే సూత్రాన్ని సూచిస్తున్నాయి. వాడుకరుల పట్టిక కేంద్రంలో ఉండవచ్చు. కానీ యంత్రం మేల్కొనడానికి అవసరమైన పేర్లు యంత్రంలోనే ఉండాలి. గని రిజిస్టరు గని ముఖం దగ్గర ఉండడం వెనుక ఉన్న వివేకమూ ఇదే. ప్రయోగశాలల్లో కేంద్రీకరణను నిర్వహణ సౌలభ్యంగా మాత్రమే బోధిస్తున్నాం. కేంద్రం అందని క్షణంలో ఎవరి పేరు చెల్లుతుంది, ఎవరు ద్వారం బయటే నిలిచిపోతారు అన్న ప్రశ్న కూడా ఆ పాఠంలో భాగం కావాలి.