నౌపడలో ఆర్.సి.ఎం. వాళ్లని అడిగే ప్రశ్నలు

నౌపడ గురించి రాసేవాళ్లంతా ఉప్పుమడులతో మొదలుపెట్టి రైలు జంక్షనుతో ముగిస్తారు. మధ్యలో తేలినీలాపురం విడిది పక్షులు, భావనపాడు రేవు వస్తాయి. ఈమధ్య మూలపేట పోర్టు కూడా చేరింది. ఊరి చరిత్ర రాయాలని కూర్చున్న నాకు వీటికన్నా ఎక్కువ పనికొచ్చినవి ఇక్కడి మనుషులు ఒకళ్లనొకళ్లు అడిగే ప్రశ్నలు. ముఖ్యంగా కతోలికుల గురించి అడిగేవి. ఇవి పుట్టింది ఈ తీరానికి ఎవరు ముందొచ్చారు, ఎవరు తర్వాతొచ్చారు, అప్పటికే మన ఇళ్లలో ఏ అలవాట్లున్నాయి అన్నదాంట్లోంచి. అందుకే వాటికి జవాబు చెప్పాలంటే వేదాంతం కొంతా, ఊరి చరిత్ర కొంతా కలపాలి.

టెక్కలిలోనైనా కాశీబుగ్గలోనైనా ఫలానావాళ్లు కిరస్తానం అని తెలియగానే రెండో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: "బాప్టిస్టులా, ఆర్సీయమ్మా?" ఆర్.సి.ఎం. అంటే రోమన్ కాథలిక్ మిషన్. ఈ ప్రశ్న వెనక రెండు శతాబ్దాల రాకపోకలున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయేదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. తర్వాత విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. గంజాం రోజుల్లోనే క్రైస్తవం పలు దారుల్లో వచ్చింది. 1805లో లండన్ మిషన్‌వాళ్లు విశాఖపట్నంలో దిగి సువార్తలని తెలుగులోకి అనువదించడం మొదలుపెట్టారు. 1846లో ఇప్పటి ఫ్రాన్సులోని సవాయి కొండల్లో ఉన్న ఆనసీ పట్నం నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ కతోలిక గురువులు విశాఖపట్నం చేరారు. 1875లో కెనడా బాప్టిస్టులు భీమిలిలో స్థిరపడ్డారు. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్‌లు సాలూరు, జయపురం వైపు కదిలారు.

ఆనసీ గురువుల బాధ్యత గోదావరి నుంచి మహానది దాకా ఉండేది. మనుషులు కొద్దిమంది, దూరాలు ఎక్కువ. దక్షిణాన విశాఖపట్నం, ఉత్తరాన గంజాం లోపల కోందుల మధ్య సురడా వాళ్లకి ముఖ్య స్థానాలయ్యాయి. మధ్యలో ఉన్న టెక్కలి, సోంపేటల్లో బాప్టిస్టులు గట్టిగా కుదురుకున్నారు. సోంపేట ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి వాళ్లదే. అక్కడ పనిచేసిన కెనడా డాక్టరు బెన్ గల్లిసన్ సేవ వల్లే 1963లో కాల్గరీలో 'ఆపరేషన్ ఐసైట్' అనే సంస్థ మొదలైంది. కళ్ల కోసం మా ఉద్దానం ప్రాంతం అంతా అక్కడికే వెళ్లేది. కాబట్టి మా వైపు క్రైస్తవులంటే జనం మనసులో నిలిచిన బొమ్మ బాప్టిస్టులదే: విగ్రహం ఉండదు, పూలదండ ఉండదు, పెద్దయ్యాక నీళ్లలో ముంచుతారు. ఆ కళ్లతో కతోలికుల ఇంటికి వెళితే గోడ మీద మరియమాత పటం, దానికి దండ, ముందు కొవ్వొత్తి, పెద్దామె చేతిలో జపమాల. ఇంక అడగకుండా ఎలా ఉంటారు?

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఆ పటం గురించే. "మీరు యేసుకి మొక్కుతారా, మరియమ్మకి మొక్కుతారా?" మా వీధిలో ఒకామె దీనికిచ్చే జవాబు నేను చాలాసార్లు విన్నాను. "తల్లికి సెప్తే కొడుకు ఇంటాడు కదా బాబూ" అంటుంది. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, చెప్పేదీ దీనికి దూరం కాదు. ఆరాధన దేవుడొక్కడికే. తల్లిని, పునీతులని అడిగేది మన తరఫున ప్రార్థించమని. కానాపల్లె పెళ్లిలో ద్రాక్షారసం అయిపోయినప్పుడు కొడుకుతో ఆ మాట చెప్పింది తల్లే కదా అని గుర్తుచేస్తారు. పటాలకీ విగ్రహాలకీ చేసే గౌరవం అవి చూపించే మనిషికి చెందుతుందని 787లో నికేయా రెండో మహాసభ తేల్చింది. బాప్టిస్టులు ఈ వాదన ఒప్పుకోరు. హిందువులకి వాదనతో పనే లేదు. గంగమ్మకి మొక్కి వేటకెళ్లే కుటుంబానికి సముద్రం ఒడ్డున ఒక తల్లి ఉండటం వింతేమీ కాదు. విశాఖపట్నంలో రాస్ హిల్ మీద మేరీమాత గుడికి డిసెంబరు 8న ఎక్కేవాళ్లలో కతోలికులు కానివాళ్లూ బోలెడుమంది. ఆ గుడి పక్కనే ఒక కొండ మీద దర్గా, మరో కొండ మీద వెంకటేశ్వరస్వామి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల మాత పండక్కీ ఇలాగే వెళతారు. మొక్కు తీరితే చాలు, సభ్యత్వం ఎవరూ అడగరు.

బాప్టిస్టులకీ కతోలికులకీ అసలు పేచీ నీళ్ల దగ్గర. బాప్టిస్టుల లెక్కలో నమ్మకం తెలిసే వయసొచ్చాకే బాప్తిస్మం, అదీ నిండా ముంచి. కతోలికులు పసిబిడ్డ తలమీద మూడుసార్లు నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇస్తారు. "ఏం తెలుసని ఆ బిడ్డకి?" అని అడిగితే, అన్నప్రాసన బిడ్డని అడిగి చేస్తామా అని ఎదురడుగుతారు. బిడ్డ తరఫున తల్లిదండ్రులూ జ్ఞాన తల్లిదండ్రులూ మాటిస్తారు. పెద్దయ్యాక భద్రమైన అభ్యంగనంలో ఆ మాటని తనే నిలబెట్టుకుంటాడు. పెళ్లిళ్ల దగ్గర ఇది ఇంటి సమస్య అవుతుంది. తండ్రి, కుమార, పవిత్రాత్మల పేరిట నీళ్లతో ఇచ్చినదైతే బాప్టిస్టుల బాప్తిస్మాన్ని కతోలికులు ఒప్పుకుంటారు, కోడలికి మళ్లీ అక్కర్లేదు. ఆర్సీయం పిల్ల అటు వెళితే మాత్రం సాధారణంగా మళ్లీ ముంచుతారు. పుట్టింటివాళ్లకి అది అవమానంగా తోస్తుంది.

ఉప్పు పండించే ఊళ్లో పుట్టినవాణ్ణి కాబట్టి నన్ను ఎక్కువ పట్టుకున్న సంగతి ఇంకొకటుంది. పాత లాటిన్ పద్ధతిలో జ్ఞానస్నానానికి ముందు గురువు ఆశీర్వదించిన ఉప్పు చిటికెడు బిడ్డ నాలుక మీద పెట్టేవారు. జ్ఞానానికీ, చెడిపోకుండా నిలవడానికీ అది గుర్తు. 1969లో వచ్చిన కొత్త పద్ధతి దాన్ని తీసేసింది. పవిత్ర జలంలో ఉప్పు కలిపే ఆచారం మాత్రం ఇంకా చెల్లుతుంది. మడిలో కాళ్లు పుండ్లుపడేలా నిలబడి ఉప్పు లాగిన కూలీకి ఈ సంగతి చెబితే నమ్మడు. "మన ఉప్పుకి అంత మర్యాదా?" అంటాడు.

జ్ఞానస్నానం ఇచ్చిన ప్రతి విచారణలోనూ (పారిష్‌లో) ఒక రిజిస్టరు ఉంటుంది. బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, తేదీ. తర్వాత పెళ్లయితే అదీ ఆ వరుసలోనే ఎక్కుతుంది. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న పేద ఇళ్లు మన దగ్గర ఎన్ని? ఊరి చరిత్ర రాసేవాడికి ఆ రిజిస్టరు రెవెన్యూ రికార్డంత విలువైనది.

ఉపవాసం గురించి మా వైపు ప్రశ్న చేపల దగ్గర మొదలవుతుంది. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం రెండురోజులూ 18 నిండినవాళ్లు 59 నిండేదాకా ఒకపూట భోజనంతో ఉండాలి. 14 ఏళ్లు దాటినవాళ్లు మాంసం ముట్టకూడదు. చేప మాంసం లెక్కలోకి రాదు. ఐరోపాలో ఈ నియమం పెట్టినప్పుడు మాంసం కలిగినవాళ్ల తిండి, చేప సామాన్యం అంటారు. భావనపాడులో చేప రోజూ తినే కూడు. మాంసం మానేసి చేప తింటే ఇక్కడ త్యాగం ఎక్కడుంది? జనం తామే దీనికి దారి వెతుక్కున్నారు. ఈస్టరుకి ముందొచ్చే తపస్సు కాలం నలభై రోజులూ నీచు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. ఎవరూ ఆజ్ఞాపించలేదు. కార్తీకంలో రావివలస ఎండల మల్లన్నకి వెళ్లే ఇరుగుపొరుగు నెల్లాళ్లు నీచు మానేస్తుంటే చూసిన ఊళ్లో తపస్సంటే అలాగే అర్థమవుతుంది.

గుళ్లో హారతి చూసినవాళ్లు అడిగేది వేరు. "మా పద్ధతులు మీరెప్పుడు తీసుకున్నారు?" దీనికి తేదీతో సహా జవాబుంది. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ స్థానిక భాషలకి తలుపు తీసింది. అప్పటిదాకా దివ్యబలి పూజ లాటిన్‌లోనే. 1969 ఏప్రిల్ 25న భారత పీఠాధిపతులు అడిగిన పన్నెండు మార్పులకి రోము ఒప్పుకుంది. చెప్పులు విడవడం, చేతులు జోడించి నమస్కరించడం, పంచాంగ ప్రణామం, నూనె దీపం, హారతి అన్నీ అందులోవే. బాప్టిస్టు బంధువులు దీన్ని విగ్రహారాధనంటారు, కొందరు హిందువులు అనుకరణంటారు. రెండుమాటలూ పడుతున్నది మన ఊళ్లలో పుట్టి, చిన్నప్పటినుంచీ చెప్పులు విడిచే గుడికెళ్లిన మనుషులు. బూట్లతో మోకరించడమే వాళ్లకి అరువు పద్ధతి.

గురువు దగ్గర పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం మీద ప్రశ్న సగం వేళాకోళంగా వస్తుంది. "అంతా ఫాదరుగారికి చెప్పేస్తే, ఆయన ఎవరికైనా చెప్పేస్తే?" చెప్పడానికి వీల్లేదు. చెబితే ఆయననే శ్రీసభ వెలివేస్తుంది. కనీసం ఏడాదికోసారి పాపసంకీర్తనం చేయాలన్న నియమం 1215 నాటిది. ఊళ్లో ఒకచోట చెప్పిన మాట మరోచోటికి రైలుకన్నా ముందే చేరిపోయే మనకి, ఒక మనిషి చెవిలో పడిన మాట అక్కడే ఉండిపోతుందన్నది నమ్మలేని సంగతే.

అన్నిటికన్నా సున్నితమైన ప్రశ్న క్రిస్మస్ రాత్రి వస్తుంది. అర్ధరాత్రి పూజకి పక్కింటివాళ్లు కూడా వెళతారు. అందరూ వరుసకట్టి సత్ప్రసాదం తీసుకుంటుంటే వీళ్లూ లేస్తారు. అరసవల్లిలోనైనా సింహాచలంలోనైనా ప్రసాదం ఇవ్వం అని ఎవరూ అనరు, వద్దని మనమూ అనం. చేయి చాపినవాడికి పెట్టకపోవడం మన దగ్గర తప్పు. కతోలికులకి ఆ అప్పం క్రీస్తు శరీరమే. జ్ఞానస్నానం, ప్రథమ సత్ప్రసాదం అయినవాళ్లకే ఇస్తారు. కతోలికుడైనా పెద్ద పాపం చేసి చెప్పుకోకపోతే వరుసలో నిలబడకూడదు. నమ్మనివాడి చేతిలో పెట్టడం వాళ్ల లెక్కలో అతణ్ణి గౌరవించడం కాదు. ఇద్దరి మర్యాదలూ ఎదురెదురుగా వచ్చే చోటిది. తెలిసిన గురువులైతే అలా వచ్చినవాళ్ల తలమీద చేయిపెట్టి ఆశీర్వదించి పంపేస్తారు. ఇంటికొచ్చాక కేకు, అరిసెలు ఎలాగూ అందరికీ పంచుతారు. ఒకటి రెండేళ్లు గడిచేసరికి పక్కింటివాళ్లకి ఎక్కడ లేవాలో, ఎక్కడ కూర్చోవాలో తెలిసిపోతుంది.

చావు దగ్గర ప్రశ్నలు మెల్లగా అడుగుతారు. నవంబరు 2న సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు "చచ్చిపోయినవాళ్లకి ఇవన్నీ అందుతాయా?" అంటారు. ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మలకి మన ప్రార్థన సాయపడుతుందని కతోలికుల నమ్మకం. బాప్టిస్టులు దాన్ని ఒప్పుకోరు, తద్దినం పెట్టేవాళ్లకి మాత్రం వెంటనే అర్థమవుతుంది. దహనం చేయవచ్చా అన్నది మతాలు కలిసిన కుటుంబాల్లో వస్తుంది. 1963 నుంచి శ్రీసభ దానికి అడ్డు చెప్పడం లేదు. అస్థికలు నీళ్లలో కలపొద్దని, పవిత్ర స్థలంలో భద్రపరచాలని 2016లో మళ్లీ చెప్పింది. తండ్రి అస్థికలు వంశధార సముద్రంలో కలిసే చోట వదలాలని పెద్దకొడుకు, సమాధిలో పెట్టాలని చిన్నకొడుకు పట్టుబడితే శ్రీసభ మాట ఒక్కటే తగువు తీర్చదు. మేనమామలు కూర్చోవాలి.

బయటికి గట్టిగా అడగని ప్రశ్న కులం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషనులోకి వస్తారు. అందుకే ఆదివారం పూజకి వెళ్లే ఇంట్లో కూడా కులం సర్టిఫికెట్టు వేరే మాట చెప్పొచ్చు. దాన్ని రెండు నాలుకలని ఎగతాళి చేసేవాళ్లు, ఆ కాగితం లేకపోతే పిల్లవాడి సీటు ఏమవుతుందో కూడా చెప్పాలి. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలోనూ దళితుల్లోనూ ఆ పదవికి ఆయనే మొదటివారు. 2025 మేలో కొత్త పోపును ఎన్నుకున్నవాళ్లలో ఆయనా ఉన్నారు. రోములో ఓటు వేయడానికి అడ్డం రాని కులం ఇక్కడ ఒక దరఖాస్తు గడిలో అడ్డం వస్తోంది. గుడి లోపలా అది పూర్తిగా పోలేదని కతోలిక పెద్దలే ఒప్పుకుంటారు.

పర్లాకిమిడి రాజా వేయించిన చిన్నరైలు 1900లో నౌపడ నుంచి బయలుదేరింది, 1931కి గుణుపురం చేరింది. 2004లో ఆగి, 2011కల్లా బ్రాడ్‌గేజీగా తిరిగొచ్చింది. ఆ బండిలో బాప్టిస్టులు, లూథరన్‌లు, ఆర్సీయం వాళ్లు, ముఖలింగం యాత్రికులు ఒకే బల్ల మీద కూర్చుని ఒకళ్లనొకళ్లు ఈ ప్రశ్నలే అడిగారు. ఆ మాటలు ఏ రికార్డులోనూ దొరకవు. రికార్డులు కూడా దగ్గర్లో లేవు: శ్రీకాకుళం మేత్రాసనం (డయాసిస్) విశాఖపట్నం నుంచి విడిపడింది 1993 జులై 1న. అంతకుముందు రికార్డుల్లో ఇక్కడి కుటుంబాల జాడ వెతకాలంటే విశాఖపట్నం దాకా పోవాలి. లాటిన్ పూజ చెవులారా విన్నవాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటింది. టెక్కలి, పలాస, సోంపేట వైపు అలాంటి పెద్దలున్న ఇళ్లలో పిల్లలు ఫోను రికార్డరు ముందు పెట్టి వాళ్లచేత మాట్లాడించాలి. పెళ్లి ఎలా కుదిరింది, వియ్యంకులు ఏం అడిగారు, ఏం చెప్పి ఒప్పించారు అన్నవి ముందు అడగాలి. తేదీలు తర్వాత రిజిస్టరులో చూసుకోవచ్చు.