ఈతకొలను ఫిల్టరు: గడివేముల ప్రాంతంలో ఎంపిక, నిర్వహణ

ఈతకొలనులోని నీళ్లను మోటరుతో లాగి, వడకట్టి, తిరిగి అందులోకే పంపే సాధనం ఈతకొలను ఫిల్టరు. నంద్యాల జిల్లా గడివేముల మండలంలో ఈత అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేవి దిగుడు బావి, కేసీ కాలువ. తోటలోనో ఇంటి ఆవరణలోనో కొలను కట్టించుకునేవారు మాత్రం టైల్స్ రంగు కంటే ముందు ఫిల్టరు సంగతి తేల్చుకోవాలి.

ఫిల్టరే లేని కొలను ఈ జిల్లాలోనే ఉంది. నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని మహానంది కోనేట్లో అడుగున పడ్డ నాణెం పైకి కనిపిస్తుంది. నల్లమల పాదంలో ఊరే ఊట ఒకవైపు నుంచి వస్తూనే ఉంటుంది, అంత నీరూ మరోవైపు నుంచి దిగువ పొలాలకు, అరటి తోటలకు వెళ్లిపోతూనే ఉంటుంది. ఎంతమంది మునిగినా మురికి నిలవదు. మనం కట్టుకునే కొలనులో ఆ పారకం ఉండదు. ఉన్న నీళ్లనే తిప్పి తిప్పి వాడాలి కనుక ఊట చేసే పని మోటరు, ఫిల్టరు కలిసి చేయాలి.

ఈ ప్రాంతంలో చిక్కు నీటిలోనే ఉంది. కుందూ నది లోయ కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. బిలకలగూడూరు దగ్గర సిమెంటు కర్మాగారం నడిచేది ఆ రాయితోనే. ఆ రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి చార కడుతుంది. నీళ్లలో కరిగిన సున్నాన్ని ఏ ఫిల్టరూ పట్టలేదు. పైగా ఎండాకాలంలో నీరు ఆవిరై సున్నం మిగిలిపోతుంది. తగ్గిన మేర మళ్లీ బోరు నీళ్లే పోస్తే అది ఇంకా చిక్కబడుతుంది. కాలువ నీళ్లదైతే వేరే బాధ. నల్లరేగడి బంకమట్టి రేణువులు 2 మైక్రాన్ల కంటే సన్నం. అవి ఫిల్టరులోని ఇసుకలోంచి జారిపోతాయి. మన ఇళ్లలో కుండలో చిల్లగింజ అరగదీసినా, పటిక తిప్పినా జరిగేది ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కడమే. కొలనుకూ ఆ పద్ధతే. పటికతో ఒక రాత్రి తేరనిచ్చి, అడుగున దిగిన మట్టిని ఫిల్టరులోకి రానీయకుండా నేరుగా బయటికి పంపాలి.

ఫిల్టర్లు మూడు రకాలు. ఇసుక ఫిల్టరు 20–40 మైక్రాన్ల మురికిని, మడతల కాగితంలా ఉండే కార్ట్రిడ్జ్ 10–20 మైక్రాన్లను, డయాటమ్ మట్టి పూత ఫిల్టరు 3–5 మైక్రాన్లను ఆపుతాయి. అంకెలు చూస్తే చివరిదే మేలనిపిస్తుంది. కానీ ఆ పొడిని మాటిమాటికీ కొని పూయాలి, అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్కు కట్టుకోవాలి. కార్ట్రిడ్జ్ మడతల్లో సున్నం పేరుకుంటే కడగడం పెద్ద పని. గడివేముల నీటికి ఇసుక ఫిల్టరే సరైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సైజు లెక్క కష్టం కాదు. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతున్న కొలనులో దాదాపు 51,000 లీటర్లు పడతాయి. అంతా 6 గంటల్లో ఒకసారి వడకట్టాలంటే గంటకు 8,500 లీటర్లు పారాలి. దీనికి 24 అంగుళాల వ్యాసమున్న ఇసుక ట్యాంకు చాలు. ట్యాంకు చిన్నదై మోటరు పెద్దదైతే నీరు ఇసుకను చీల్చుకుని పోతుంది, మురికి వెనక్కి వచ్చేస్తుంది. ఇసుక కూడా ఏటి ఇసుక పనికిరాదు. 0.45–0.55 మిల్లీమీటర్ల జల్లించిన సిలికా ఇసుకే పోయాలి.

నిర్వహణలో ముఖ్యం ప్రెషర్ గేజ్. కడిగిన రోజు ముల్లు 10 పీఎస్‌ఐ దగ్గర ఉంటే, 18–20కి చేరినప్పుడు నీటిని ఇసుకలోంచి ఎదురుదిశలో పంపి మురికి వదిలించే బ్యాక్‌వాష్ చేయాలి. రోజూ చేస్తే నీళ్లు దండగ, పైగా కాస్త మురికి పట్టిన ఇసుకే బాగా వడకడుతుంది. మోటరు ఆపకుండా నీటి దారి మార్చే వాల్వు పిడి తిప్పకూడదు, లోపలి రబ్బరు చినుగుతుంది. బ్యాక్‌వాష్ మొదలవగానే పక్కనున్న గాజు బుడ్డిలో నీరు టీ డికాక్షన్‌లా కనిపిస్తుంది. 2–3 నిమిషాల్లో తేటపడుతుంది. తర్వాత అర నిమిషం రిన్స్ చేశాకే మామూలు స్థానానికి తిప్పాలి. ఒక్కోసారికి 400 లీటర్ల పైచిలుకు పోతాయి. ఆ నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజులు ఎండలో నిలవనిచ్చి చెట్లకు పెట్టుకోవచ్చు.

క్లోరిన్ కోసం చవకని బ్లీచింగ్ పౌడర్ వేస్తుంటారు. అందులోనూ సున్నమే ఉంటుంది. అసలే సున్నపు నీళ్లు, వాటికి ఇది తోడు. ఇక్కడ ద్రవరూప సోడియం హైపోక్లోరైట్ మంచిది. అది పీహెచ్‌ను పెంచుతుంది కనుక పరీక్షించి, ఆమ్లంతో 7.2–7.6 మధ్య నిలపాలి.

మామూలుగా ఇసుక 5–7 ఏళ్లు వస్తుంది. ఈ నీళ్లకు ఏడాదికోసారి మూత తీసి చేయి పెట్టి చూడాలి. వేళ్ల మధ్య పొడిపొడిగా జారితే సరే. బెల్లం అచ్చులా గడ్డలు తగిలితే సున్నం ఇసుకను పట్టేసిందన్నమాట. ఆ గడ్డల పక్కనుంచి నీరు దారి చేసుకుంటుంది, గేజ్ మాత్రం ఏ తేడా చూపకపోవచ్చు. అప్పుడు ఆ ఇసుకంతా ఎత్తి పారేసి, అడుగు గొట్టాల చీలికలు తోమి, కొత్త ఇసుక పోయించాలి.