వ్రాతకెక్కని ప్రసంగము: ఆంగ్ల ప్రొటెస్టంటు వచనము, కడప మండలపు తెలుగు

ప్రొటెస్టంటు మతమునకు ప్రసంగము ప్రాణము వంటిది. 16, 17 శతాబ్దులలో ఇంగ్లండున వెలసిన ప్రసంగములను ఆ దేశపు చరిత్రకారులు ఆంగ్లవచన చరిత్రలో భాగముగనే పరిగణింతురు. మన వచనవికాస చరిత్రలలో తెలుగు క్రైస్తవ ప్రసంగమునకు దొరకిన తావు స్వల్పము. దీనికి ఉపేక్ష ఒక్కటే కారణము కాదు. ఆ ప్రసంగము వ్రాతకే ఎక్కలేదు.

ముందుగా ఇంగ్లండు సంగతి. విలియం టిండేల్ తన క్రొత్తనిబంధనను 1526లో జర్మనీ దేశపు వర్మ్స్ నగరమున అచ్చొత్తించి స్వదేశమునకు రహస్యముగా పంపవలసివచ్చెను; 1536లో దానికై ప్రాణమే ధారపోసెను. నాగలి పట్టు కుర్రవానికి సైతము లేఖనము తెలియవలెననుట ఆయన సంకల్పము. ఆ శతాబ్ది చివర విలియం పెర్కిన్స్ ప్రసంగకళపై ఒక గ్రంథమునే రచించి, బోధకుడు తన పాండిత్యమును వేదికపై ప్రదర్శింపరాదని శాసించెను. లాన్సెలాట్ ఆండ్రూస్, జాన్ డన్ వంటివారు వేరు మార్గమున నడచి పదవిన్యాసమున ఆరితేరిరి. రెండు శైలులును నేటికి నిలిచినవి. నిలుచుటకు ఒక హేతువు శ్రోతల చేతిలోని కలము. 1588లో తిమోతి బ్రైట్ సంకేతలిపి గ్రంథము వెలువడెను. కొలది ఏండ్లకే లండనులో హెన్రీ స్మిత్ చేసిన ప్రసంగములు శ్రోతల వ్రాతప్రతుల నుండి అచ్చుపడజొచ్చినవి. వినువాడే లేఖకుడైన చోట నోటిమాట గ్రంథమగుట సులభము.

తెలుగున ఈ క్రమము తలక్రిందులైనది. ఇచట అచ్చు ముందు వచ్చెను, శ్రోతలకు చదువు తరువాత వచ్చెను. మొదటి తెలుగు అచ్చుపుస్తకములు బెంజమిన్ షుల్జ్ కృషివలన 1746లో జర్మనీలోని హాలే నగరమున వెలువడినవి. విశాఖపట్టణమున డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ అను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో అనువదించిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. అనువాదకుని ప్రక్కన కూర్చున్నవాడు దున్నువాడు కాడు, పండితుడు. గ్రంథభాషకు ఆ ముద్ర పడుట సహజమే.

కడపలో లండన్ మిషనరీ సొసైటీ 1822లో పని ఆరంభించెను. హోవెల్ అచటి తొలి బోధకుడు. అంతకు రెండేండ్ల ముందే సి. పి. బ్రౌన్ ఉద్యోగిగా కడపకు వచ్చియుండెను. ఆయన తండ్రి ఆంగ్లికన్ మతగురువు. ఆ కుమారుడు 1829లో అచ్చువేయించినది వేమన పద్యములను! సాదామాటలో తత్త్వము చెప్పు మార్గము ఈ సీమకు ఇంగ్లండు నేర్పనక్కరలేదు. వేమనయు, కందిమల్లాయపల్లె వీరబ్రహ్మమును ఆ మార్గము నడచినవారే. మిషనరీలు తమ అనువాదములకు ఈ దేశీయ ఆదర్శమును తగినంత గ్రహింపలేదని నా అభిప్రాయము.

అయినను గ్రంథభాషను నిందించుటతో విషయము ముగియదు. 1611 నాటి ఆంగ్ల బైబిలు సైతము తన కాలపు వాడుకకు కొంత పాతబడిన భాషలోనే వెలువడినది. చదువునది గంభీరము, చెప్పునది సరళము అను విభజన రెండు దేశములందును కలదు. మా వేంపల్లె ప్రాంతపు పల్లెలో ఒక ఆరాధనలో నేను గమనించినది ఇది: ఉపదేశి “ఆయన వారితో చెప్పెను” అని గ్రంథము చదివి, తల యెత్తి, “ఏం చెప్పినాడప్పా ఆయప్ప?” అని సంఘమును అడిగెను. ‘చెప్పెను’ నుండి ‘చెప్పినాడు’కు జరిగిన ఆ దాటులోనే ప్రసంగ మున్నది. శ్రోతలలో వృద్ధులు గ్రంథమునకు తల వంచిరి, ప్రశ్నకు బదులు పలికిరి.

ఈ రెండవ భాష ఏ ముద్రణాలయమునకును చేరలేదు. చేరినది కీర్తన. ఇంగ్లండున స్టెర్న్‌హోల్డ్, హాప్కిన్సుల ఛందోబద్ధ దావీదు కీర్తనలు 1562 నుండి సామాన్యుల నాలుకపై నిలిచినట్లు, తెలుగున పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు నిలిచినవి. అక్షరము రానివారికి పాటయే పుస్తకము. వచనమున కా భాగ్యము లేదు.

నేడు పరిశోధకునకు దొరకునది ఏమి? లండన్ మిషనరీ సొసైటీ పత్రములు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రముగా నున్నవి. అవి ప్రధానముగా దొరలు తమ దేశమునకు ఆంగ్లమున వ్రాసుకొన్న లేఖలు, నివేదికలు. బోధ జరిగినదని వానివలన తెలియును; ఉపదేశి ఏ తెలుగున పలికెనో తెలియదు. ఉపదేశులలో పెక్కుమంది మాల మాదిగ కుటుంబములనుండి వచ్చినవారు. వేదికపై నిలిచి ఊరివారికి శాస్త్రార్థము చెప్పు అధికారము ఆ కులములకు లభించుట సామాన్య విషయము కాదు. వారి వచనము లోపించిన మన వచనచరిత్ర ఆ మేరకు కుంటిది.

వృద్ధులైన ఉపదేశుల యిండ్లలో ప్రసంగాంశములు గుర్తుపెట్టుకొన్న నోటు పుస్తకములు రెండింటిని, అంచులనిండ పెన్సిలు వ్రాతలున్న బైబిలు నొకదానిని నేను చూచితిని. ఒక అంచున ‘కరువు సంగతి ఇక్కడ చెప్పవలె’ అని మాత్రమే యున్నది. ఏమి చెప్పెనో అడుగుదమన్న, వ్రాసినవాడు గతించి చాల యేండ్లైనది.