నేలమాళిగ గోడకు అడుగుపట్టె

నేలమాళిగ యనగా మనకు స్ఫురించునది కోటలోని చీకటికొట్టు, లేదా ధనము దాచిన చోటు. ఉత్తర అమెరికాలో నది సామాన్య గృహస్థుని యింటిలో నొక భాగము. వారు దానిని బేస్‌మెంటు అందురు. అది విలాసము కొరకు పుట్టినది కాదు. చలి విధించిన కట్టడము. శీతకాలమున నేలలోని తేమ గడ్డకట్టి, ఉబ్బి, పునాదిని పైకెత్తును. కావున గడ్డకట్టు లోతునకు దిగువనే పునాది వేయవలెను. మిన్నెసోటా రాష్ట్రపు నిబంధనలు దక్షిణమున 42, ఉత్తరమున 60 అంగుళముల లోతు కోరుచున్నవి. అంత త్రవ్వినవాడు మరికొన్ని అడుగులు త్రవ్వినచో ఇంటి క్రింద నొక అంతస్తు లభించును.

ఆ అంతస్తున మొదట నివసించినది బొగ్గు కొలిమి. వేడిగాలి తనంత తానే పైకి పోవును గనుక దానికి తగిన స్థానము అడుగే. 1940 జనాభా లెక్కల నాటికి ఆ దేశమున సగమునకు మించిన ఇండ్లు బొగ్గుతోనే చలి కాచుకొనెడివి. తరువాత నూనె, సహజవాయువు వచ్చినవి; బొగ్గుకొట్టు ఖాళీ అయినది. యజమాని చూపు దానిపై పడినది. పిల్లల ఆటగది, అతిథుల గది అక్కడ వెలసినవి. 1959లో ప్రభుత్వమే అణుధూళినుండి రక్షణకై ఇంటనే ఆశ్రయము నిర్మించుకొను విధమును చెప్పు చిన్న పుస్తకమును ప్రకటించినది. ఆ భయము తగ్గినది, గదులు మిగిలినవి.

కాని కాంక్రీటు గోడల నడుమ ఎవరు కూర్చుందురు? దాని లోపల కొయ్య చట్రముతో మరియొక గోడ నిలుపుదురు. క్రింద అడుగుపట్టె, పైన పైపట్టె, నడుమ 16 అంగుళముల కొకటి చొప్పున నిలువు కొయ్యలు. వానిపై జిప్సమ్ పలకలు. ఈ పద్ధతికి మూలము షికాగో. పూర్వము వడ్రంగులు లావు దూలముల కొనలు చెక్కి ఒకదానిలో నొకటి బిగించెడివారు. యంత్రములు మేకులను చౌక చేసిన తరువాత, 1830 ప్రాంతమున, సన్నని కొయ్యలకు మేకులు కొట్టియే ఇల్లు నిలుపుట అక్కడ వ్యాపించినది. గాలిబుడగవలె తేలికయని దానికి బెలూన్ చట్రమని పేరు. అందులో నిలువు కొయ్యలు పునాదినుండి కప్పు వరకు ఏకముగా సాగుటచే, వాని నడుమ ఖాళీ నిప్పునకు పొగగొట్టమయ్యెను. తరువాతి కాలమున అంతస్తునకు అంతస్తు వేరుగా కట్టు పద్ధతి దానిని తొలగించినది. నేటికిని నేలమాళిగ గోడలో నిప్పు పైకి ప్రాకకుండ అడ్డుకొయ్యలు పెట్టుట విధి.

ఈ గోడ మోయు బరువేమియు లేదు. ఇంటి బరువు కాంక్రీటుదే. దీనికి శత్రువు తేమ. కాంక్రీటు చూచుటకు రాయి, స్వభావమున స్పంజి. అది నేలలోని నీటిని మెల్లగా లోపలికి పీల్చును. అందుచే చట్రమును గోడకు తాకనీయక కొంత ఎడముగా నిలుపుదురు. కాని అడుగుపట్టెకు తప్పించుకొను త్రోవ లేదు. అది నేలపై పడుకొనవలసినదే. అది పుచ్చినచో గోడ యంతయు పుచ్చినట్లే, పలకల వెనుక నున్నందున ఆ సంగతి ఏండ్ల తరబడి తెలియదు.

ఇక్కడనే మన తెలుగువాని ప్రసక్తి. డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయమున పని చేసిన సొంఠి కామేశము 1933లో కొయ్యను కాపాడు లవణ మిశ్రమ మొకటి కనుగొనెను. రాగి బూజును, ఆర్సెనిక్ చెదలను చంపునని అంతకుముందే తెలియును. చిక్కేమనగా వాన వచ్చిన అవి కొట్టుకొనిపోవును. ఆయన వానికి క్రోమియము లవణమును జోడించెను. అది కొయ్య లోపల వానిని కరగని రూపమున బంధించినది. 1938లో అమెరికాలో దీనికి పేటెంటు లభించినది. స్తంభములకు, వంతెనలకు, పెరటి అరుగులకు, చివరకు నేలమాళిగ అడుగుపట్టెలకు ఆ ఆకుపచ్చని కొయ్యయే వచ్చినది. నేడు అమెరికాలోని తెలుగు కుటుంబములు నేలమాళిగలలో వేడుకలు జరుపుకొనుచున్నవి. పాత ఇండ్లలో వారి పాదములకు జానెడు దూరముననే ఈ తెలుగువాని కృషి యున్నదని ఎందరికి తెలియును? పాఠ్యపుస్తకములు ఆయన పేరును విస్మరించుట న్యాయము కాదని నా అభిప్రాయము.

అయినను పూర్తి కథ చెప్పవలెను. ఆర్సెనిక్ కొంత బయటికి ఊరి మన్నును, పిల్లల చేతులను అంటునని ఆందోళన పెరిగినది. 2003 చివరితో అమెరికాలో గృహావసరములలో అధిక భాగమునకు ఆ కొయ్య తయారీని మానివేసిరి. దాని స్థానమున ఆర్సెనిక్ లేని, రాగి మిక్కుటముగా గల మందులు వచ్చినవి. వీనికి నొక చిక్కు: ఆ రాగి మామూలు ఇనుప మేకులను తినివేయును. అందుచే దట్టముగా జింకు పూత పూసిన మేకులు, లేదా తుప్పు పట్టని ఉక్కు మేకులు వాడవలెను. షికాగోలో చౌక మేకుతో పుట్టిన గోడకు ఇప్పుడు మేకే ఖరీదైనది.

ఇంకొక మాట. ఏ మందు పట్టించినను, నీరు కారు నేలమాళిగను కొయ్య కాపాడదు. అనుభవము గల పనివారు మొదట బయటి నీరు ఇంటినుండి దూరముగా పారునట్లు నేలను వాలుగా చేసి, మంచు కరగు వసంత మొకటి గడచువరకు గోడలను గమనించి, పిదపనే కొయ్యలు తెప్పింతురు. పాత గోడ విప్పినపుడు బయటపడు ఆ ఆకుపచ్చని పట్టెలను మాత్రము పొయ్యిలో వేయరు. కాలినచో ఆర్సెనిక్ పొగలోను, బూడిదలోను చేరును.