టంకశాల మింగగా మిగిలిన వెండి

పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ రాజులు విందుబల్ల కోసం వెండి పాత్రలు చేయించాలనుకుంటే తరచూ పారిస్ కంసాలులకు కబురు పంపేవారు. అయినా ఆ కాలపు ఫ్రెంచి వెండి నేడు అరుదు. అందుకు ప్రధాన కారణం ఫ్రెంచి రాజ్యమే. ఇంట్లో వెండి ఉందంటే అవసరానికి కరిగించుకోగల ధనం ఉన్నట్టే. యుద్ధ ఖర్చులకోసం పద్నాలుగో లూయీ 1689లో వెర్సాయ్ భవనంలోని వెండి బల్లలతో సహా దాదాపు 20 టన్నుల సామాను టంకశాలకు తోలించాడు. 1709లోనూ, ఏడేళ్ల యుద్ధం నడుమ 1759లోనూ మళ్లీ అదే జరిగింది. పళ్లేలు అప్పగించిన ప్రభు కుటుంబాలు మెరుగు పూసిన మట్టి పాత్రల్లో భోజనానికి అలవాటుపడ్డాయి. ఫ్రెంచి విప్లవకాలంలో మరెంతో వెండి మూసలోకి వెళ్లింది.

అందుకే ఆనాటి పనితనం పరదేశాల్లోనే ఎక్కువగా బతికింది. 1755 భూకంపంలో లిస్బన్ రాజభవనం కూలిపోయాక, పోర్చుగల్ రాజు మొదటి జోసె కొత్త పాత్రలను ఫ్రాన్స్వా తోమా జెర్మాన్ చేత చేయించాడు. ఆ కంసాలి 1765లో దివాలా తీశాడు. ఆయన చేసిన పాత్రలు మాత్రం ఇప్పటికీ లిస్బన్ మ్యూజియంలో ఉన్నాయి. రష్యా రాణి రెండో కేథరిన్ 1770లో పారిస్‌లోని రోటియే కార్ఖానాలో చేయించిన ఓర్లోవ్ సెట్టు తర్వాత చెల్లాచెదురైంది. అందులో కొన్ని తిరిగి పారిస్ చేరి కమోందో మ్యూజియంలో నిలిచాయి.

విప్లవానికి ముందు పారిస్‌లో ఒక్కో వస్తువుకు సాధారణంగా నాలుగు ముద్రలు పడేవి: చేసినవాడిది, పని మొదట్లో పన్ను గుత్తేదారుది, వన్నె పరీక్షించిన వృత్తిసంఘానిది, పన్ను కట్టాక విడుదలది. సంఘం ముద్రలోని అక్షరం ఏటా మారేది కాబట్టి తయారీ కాలం దాదాపు కచ్చితంగా తేలుతుంది. పాత వెండి చదవడానికి ఇంతకు మించిన ఆధారం లేదు. 1791లో సంఘాలు రద్దయ్యాయి. 1797 చట్టం వెయ్యికి 950, 800 పాళ్ల వన్నెలు స్థిరపరచి, కంసాలి ముద్రకు డైమండ్ ఆకారం విధించింది. 1838 నుంచి మినర్వా దేవత తల వచ్చింది. అప్పట్లో దాని పక్కన 1 ఉంటే 950, 2 ఉంటే 800.

1842లో క్రిస్టోఫ్ల్ సంస్థ విద్యుత్తుతో వెండి పూత వేసే హక్కులు సంపాదించాక మధ్యతరగతి బల్లలకూ ఆ మెరుపు చేరింది. మూడో నెపోలియన్ చక్రవర్తి సైతం పూత సెట్టే చేయించుకున్నాడు. పూత సామానుపై తయారీదారు ముద్ర చతురస్రంలో ఉంటుంది.

ఫ్రెంచివారు ఫోర్కు ముళ్లను కిందికి బోర్లించి పెట్టేవారు. అందుకే ఇంటిపేరు పొడి అక్షరాలు వీపున చెక్కి ఉంటాయి. వాటిని అరగదీసిన చోట వెండి పలచబడుతుంది. కొనేవారు నగిషీకి ముచ్చటపడేముందు వస్తువును వెనక్కి తిప్పి, ఆ చోటునూ ముద్రలనూ భూతద్దంతో చూడాలి.