గుర్రం రక్తంలోంచి పాము మందు: దాన్ని చవగ్గా తీసినవాళ్ళ కథ

మన గ్రూపులో చరిత్ర అంటే రంప, జోడేఘాట్, భూమి చట్టాలు రాస్తుంటాం. ఈసారి ఒక మందు చరిత్ర రాస్తున్నా. కొంచెం ఓపిగ్గా చదవండి.

రెండేళ్ళ కిందట వానాకాలంలో మా బావని నిద్రలో కట్లపాము కరిచింది. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. రోడ్డు దాకా డోలీలో మోసుకెళ్ళాం. దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో మందు అయిపోయింది, కిందికి తీసుకెళ్ళమన్నారు. కింద పట్నంలో పది సీసాలు ఎక్కించాక బతికాడు. ఆ మందు మా దగ్గర ఎందుకు లేదు, అసలు దేంతో చేస్తారు అని అప్పటినుంచి నా బుర్రలో తిరుగుతోంది. కాలేజీలో చేరాక లైబ్రరీలో కూర్చుని చదివా.

ఆ మందు యాంటీబాడీల మందు. కొంచెం కొంచెంగా విషం ఎక్కిస్తే గుర్రం ఒంట్లో దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు పుడతాయి. గుర్రం రక్తం తీసి, అందులోంచి యాంటీబాడీలు వేరుచేసి మనకి ఎక్కిస్తారు. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో ఈ దారి చూపించారు. 1890ల మధ్యలో ఫ్రాన్స్ డాక్టరు కాల్మెట్ పాము విషానికి వాడాడు. ఒక పాముకి చేసిన మందు ఇంకో పాముకి పనిచెయ్యదని బ్రెజిల్‌లో వైటల్ బ్రెజిల్ అనే డాక్టరు (పేరే అది!) నిరూపించాడు. కథంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది, గుర్తుపెట్టుకోండి.

రక్తంలోంచి యాంటీబాడీలు వేరు చెయ్యడం దగ్గరే ఖర్చు. పాత పద్ధతిలో ఉప్పులాంటి రసాయనం వేసి యాంటీబాడీలని గడ్డకట్టించి, మళ్ళీ కరిగించి, మళ్ళీ గడ్డకట్టించేవారు. ప్రతిసారీ కొంత పోయేది. రోజులు పట్టేది.

దీన్ని మార్చింది పెద్ద దేశం కాదు, కోస్టారికా. మన ఆంధ్ర, తెలంగాణల్లో ఏ ఒక్కదాంట్లో సగం కూడా ఉండదు. అక్కడ 1970లో క్లోడొమిరో పికాడో ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. తర్వాత అది ప్రభుత్వ యూనివర్సిటీ కిందికి వచ్చింది. వాళ్ళు క్యాప్రిలిక్ యాసిడ్ అనే దాన్ని వాడారు. కొబ్బరి నూనెలో కూడా ఉంటుంది అది. గుర్రం ప్లాస్మాలో పోసి కలిపితే అక్కర్లేని ప్రోటీన్లు విరిగిన పాలలా గడ్డకట్టి విడిపోతాయి, యాంటీబాడీలు నీళ్ళలోనే ఉండిపోతాయి. వడగట్టుకోవడమే. మెట్లు తగ్గాయి, మందు ఎక్కువ మిగిలింది, ఖరీదైన మిషన్లూ అక్కర్లేదు. 1994లో ఆ పద్ధతిని పత్రికలో అచ్చువేశారు, చదివి ఎవరైనా చేసుకునేలా. నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే.

తర్వాత నైజీరియా పాముల కోసం కూడా మందు చేశారు. అక్కడ ఎక్కువమందిని చంపేది మన ఇసుక పింజరకి చుట్టం లాంటి పాము. విషం ఆఫ్రికా పాములది, గుర్రాలు కోస్టారికావి. నైజీరియాలో 400 మంది రోగుల మీద ఇంకో మందుతో పాటు పరీక్షిస్తే పనిచేసింది, 2010లో ఫలితాలు వచ్చాయి. అదే కాలంలో ఒక పెద్ద ఫ్రెంచి కంపెనీ ఆఫ్రికా పాముల మందు లాభం లేదని 2014లో ఆపేసింది. కొనాల్సినవాళ్ళ దగ్గర డబ్బుల్లేవు కదా.

చవకలో ఇంకో రకం కూడా ఉంది. ఘనాలో ఒక గ్రామీణ ప్రాంతంలో పాత మందు మానేసి మన దేశంలో తయారైన కొత్త మందు వాడారు. పాము కాటు చావులు వందకి 2 లోపు ఉన్నవి 12 దాకా పెరిగాయి. అక్కడి పాముకి అది సరిపోలేదు. వైటల్ బ్రెజిల్ మాట మర్చిపోయిన ఫలితం. పని సులువు చేసి ధర తగ్గించడం వేరు, చెయ్యాల్సింది చెయ్యకుండా తగ్గించడం వేరు.

ఇక మన సంగతి. మన దేశంలో ఈ మందుకి కావాల్సిన విషం చాలావరకు తమిళనాడు ఇరుల ఆదివాసులే పిండి ఇస్తారు. 1972 చట్టంతో పాము తోళ్ళ వ్యాపారం ఆగిపోయి వాళ్ళ బతుకుతెరువు పోయింది. 1978లో చెన్నై దగ్గర సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, విషం తీసి, కొన్ని వారాలకి మళ్ళీ వదిలేస్తారు. 2023లో వాళ్ళలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకి, పద్మశ్రీ వచ్చింది. బళ్ళో చదువుకోని విద్యకి పద్మశ్రీ! కానీ ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తమిళనాడు పాముల విషంతో చేసిన మందు మన కొండల్లో పాములకి ఎంత సరిపోతుందో ఇక్కడి విషంతోనే పరీక్షించాలి. మన గ్రూపులో బయోటెక్నాలజీ చదివేవాళ్ళు ముగ్గురు నలుగురు ఉన్నారు, మీకే చెప్తున్నా.

పోయిన వారం బావకి ఫోన్లో ఇదంతా చెప్పా. "అయితే నా ఒంట్లో గుర్రం రక్తం ఉందంటావా, అందుకేనా కొండ ఎక్కుతుంటే అలుపు రావట్లేదు" అని నవ్వాడు. కట్లపాము నేలమీద పడుకున్నవాళ్ళనే ఎక్కువ కరుస్తుందిరా, మంచం చేయించుకో, దోమతెర కట్టుకో అన్నా. పంట అమ్మాక చూద్దాంలే అన్నాడు.