రాగిరేకుల్లో టెక్కలి సీమ: గిడుగు వేసిన దారి

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి, ఉద్దానం తీరం జీడితోటలకూ కొబ్బరితోటలకూ పేరుపొందినంతగా పురాచరిత్రకు పేరుపొందలేదు గాని, తూర్పు గాంగుల తొలినాళ్లకు ఆధారమైన రాగిశాసనాల్లో కొన్ని టెక్కలి, సంతబొమ్మాళి పేర్లతోనే విద్వాంసులకు పరిచితమై ఉన్నాయి. తూర్పు గాంగులంటే 5వ శతాబ్ది చివరి నుంచి కళింగాన్ని ఏలిన రాజవంశం. సుమారు 498లో మొదలైన వారి శకాన్ని బట్టి ఇంద్రవర్మ సంతబొమ్మాళి శాసనం 87వ ఏటిది, అంటే దాదాపు 585 నాటిది కాగా, దానార్ణవుని కుమారుడైన మరొక ఇంద్రవర్మ టెక్కలి శాసనం 154వ ఏటిది, అంటే దాదాపు 652 నాటిది.

రాగిశాసనం రాజు ఇచ్చిన దానపత్రం. సాధారణంగా మూడు రేకులకు ఒక పక్క రంధ్రం చేసి, వాటిని ఒకే కడియానికి గుచ్చి, కడియం కొసలు కలిసినచోట రాజముద్ర అతికేవారు; అక్షరాలు ఒరిపిడికి అరిగిపోకుండా మొదటి రేకు వెలుపలి ముఖాన్ని తరచుగా ఖాళీగా విడిచేవారు. గాంగుల శాసనాల్లో సాధారణంగా వారి రాజధాని కళింగనగరం నుంచి వెలువడిన ఆజ్ఞ, మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణస్వామి పాదభక్తుడిగా రాజు ప్రశస్తి, దానం పొందినవాని వివరం, ఆ దానాన్ని హరించేవారికి శాపం వరుసగా ఉంటాయి; పొలిమేరలు చెప్పవలసినచోట చెట్లు, పుట్టలు, చెరువులు హద్దులుగా వస్తాయి. అందువల్ల ఇవి రాజుల కథలకే పరిమితం కాక, నేల దున్నిన మనుషుల ఊళ్లకూ పొలాలకూ సాక్ష్యాలవుతున్నాయి.

ఈ సాక్ష్యాలను చదివే పనికి ఈ సీమలో పునాది వేసినవారిలో గిడుగు వేంకట రామమూర్తి ముఖ్యుడు. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, 1880 నుంచి పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించిన ఆయన, గురువు లేకుండానే పుస్తకాల సాయంతో పాత లిపులు నేర్చుకొని ముఖలింగం గుడి గోడల మీది శాసనాలను చదివాడు. కళింగనగరం సముద్రతీరంలోని కళింగపట్నమేనన్న అభిప్రాయం అప్పట్లో ఉండగా, అది ముఖలింగమేనని ఆయన వాదించాడు. తరువాతి చరిత్రకారుల్లో అత్యధికులు ఈ నిర్ణయాన్నే అంగీకరించారు. నరసన్నపేట ప్రాంతపు నడగాం రేకులను ఆయనే పరిష్కరించి, అంటే పాఠాన్ని సరిచూసి వివరణతో, శాసనాలను ప్రచురించే ఆంగ్ల సంపుటాల వరుస అయిన ఎపిగ్రాఫియా ఇండికా 4వ సంపుటంలో ప్రకటించాడు. శక సంవత్సరం 979 నాటి ఆ శాసనంలో దాన్ని ఇచ్చిన గాంగరాజు వజ్రహస్తుని పూర్వులు ఎవరెవరు ఎన్నేళ్లు పాలించారో లెక్క ఉండటంతో గాంగుల వంశక్రమానికి అది గట్టి ఆధారమైంది.

1919లో వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండమీది బౌద్ధ శిథిలాలను వెలుగులోకి తెచ్చినవాడూ రామమూర్తే. ఆ తరువాత పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో స్తూపాలు, స్తూపాన్నో బుద్ధ ప్రతిమనో పూజించేందుకు కట్టిన చైత్యగృహాలు, బౌద్ధ దేవతలైన తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి.

శాసనాలను పరిష్కరించిన చేతితోనే ఆయన సవర గిరిజనుల భాషకు వ్యాకరణం రాశాడు, వాడుక తెలుగులో చదువు చెప్పాలని జీవితమంతా పోరాడాడు. ఈ పనులను వేరువేరుగా చూడటం సరికాదు. ప్రజలకు చెందిన జ్ఞానం ప్రజల మాటలోనే వారికి అందాలన్నది ఆ కృషి మొత్తానికి ప్రాణం. అయినా టెక్కలి, సంతబొమ్మాళి శాసనాల పరిష్కరణలు ప్రధానంగా ఆంగ్ల సంపుటాల్లో ఉండటం వల్ల, వాటికి పేరిచ్చిన ఊళ్ల రైతులకూ పిల్లలకూ అవి అందకుండానే ఉన్నాయి.

ఈ దూరాన్ని తగ్గించే దారి ఒకటి ఐర్లండులో ఉంది. అక్కడి హెరిటేజ్ కౌన్సిల్ పథకం ఒకటి పురాతన కట్టడాలను స్థానిక సంఘాలకే దత్తత ఇచ్చి, పురావస్తు నిపుణులను వారికి తోడుగా నిలుపుతోంది. ఆ పద్ధతి ఈ సీమకూ తగినదే. ప్రతి శాసనాన్నీ సులభమైన తెలుగులోకి మార్చి ఆ ఊరి బడిలో పాఠంగా పెట్టి, అందులోని హద్దులను పొలాల్లో వెతికే పని పెద్దలకూ పిల్లలకూ కలిపి అప్పగించి, ఈ తీరపు ఇసుక నేలల్లో దొరికే పెంకులనూ ఇటుకలనూ పారవేయక నిపుణులకు చూపే అలవాటు చేస్తే, రామమూర్తి మొదలుపెట్టిన పని కొనసాగుతుంది. అది ఈ ఊళ్లు ఆయనకు తీర్చవలసిన రుణం కూడా.